గోదావరిపాలైన ఒకే ఒక్క తాళంచెవి

ఒక మనిషి తన జీవితకాలంలో ఎన్నిసార్లు నవ్వులపాలు కావచ్చునన్న విషయంపై నా దగ్గర నమ్మదగిన లెక్కలేవీ లేవు. కానీ ఒకే పూటలో, ఒకే కారుతో, గోదావరి వంతెన మీదా అవతలి ఒడ్డునా కూడా నవ్వులపాలైనవాణ్ణి మాత్రం ఒకణ్ణి ఎరుగుదును. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తుంటాడు. అతగాడు ఒక పెళ్ళిని దాదాపు ఆపినంత పని చేశాడు. ఎలా చేశాడో చెబుతాను. నమ్మవలసిన అవసరం లేదు. అతడైతే మీ స్థానంలో ఉండి అసలే నమ్మేవాడు కాదు.

ఎనభైల నడుమ నేను ఖమ్మంలో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి. బోధించడం జీతం కోసం; పరీక్షించడం ప్రాణం కోసం. ఎదుటివారు "బాగున్నారా" అంటే నేను "రుజువేమిటి" అనే రకం. పాలమనిషి చిక్కటి పాలంటే లాక్టోమీటరు ముంచేవాణ్ణి. పక్కింటి పెద్దాయన తుమ్ము అపశకునమంటే, వరుసగా నలభై తుమ్ముల తర్వాత ఏం జరిగిందో పుస్తకంలో రాసిపెట్టి ఆయనకు చదివి వినిపించాను. నలభై ఒకటో తుమ్ము నాటికి ఆయన మా గడప తొక్కడం మానేశాడు. తుమ్ముకు ఫలితం ఉందనడానికి ఇదే ఆధారమని నా భార్య అన్నది. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం నిలబడదని నేనన్నాను.

అటువంటి నేను ఒక పాత అంబాసిడర్ కొన్నాను. నా చేతికి వచ్చేలోపల అది నలుగురు యజమానులను చూసింది. ప్రతి యజమానీ ఒక్కో తాళంచెవి పోగొట్టుకుని, ఒక్కో కొత్త తాళం బిగించి, తన ఆనవాలు వదిలి వెళ్ళాడు. ఫలితంగా ఇంజిన్‌కు ఒక చెవి, తలుపుకు ఒకటి, పెట్రోలు మూతకు ఒకటి, డిక్కీకి ఒకటి. వేరుపడిన నలుగురు అన్నదమ్ములు ఒకే ఇంట్లో నాలుగు పొయ్యిలు పెట్టుకున్నట్టు ఉండేది వ్యవహారం. వాన కురుస్తుంటే గొడుగు చంకన పెట్టుకుని తలుపు దగ్గర డిక్కీ చెవి, డిక్కీ దగ్గర పెట్రోలు చెవి తిప్పుతూ నిలబడిన నన్ను చూసి, నా విద్యార్థులు సంభావ్యతా సిద్ధాంతం గురించి సందేహాలు అడిగేవారు.

నాలుగింటికీ ఒకే చెవి ఉండాలని నిశ్చయించాను.

ఖమ్మం బస్టాండు ఎదుట నల్లగొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసే యాకూబ్ అనే ఆయన ఉండేవాడు. ఆయన నాలుగు చెవులనూ అరచేతిలో పోసుకుని, చిల్లర చూసినట్టు చూసి, అవుతుందన్నాడు. నాలుగు తాళాలూ ఊడదీయాలి, లోపలి రేకులు ఒక్కొక్కటే మార్చాలి, బండి రెండు దినాలు తన దగ్గర వదలాలి.

"రెండు దినాలెందుకు? అడ్డం వచ్చిన రేకును అరగదీస్తే చాలు గదా?" అన్నాను.

"గట్ల గూడ చేస్తరు సార్. చేసినోళ్ళు మళ్ళ నాకాడికే వస్తరు. అరగదీసిన తాళం చూడనీకి పెద్దమనిషి తీరుగ ఉంటది. లోపల ఏముండదు."

"ఏముండదని ఎట్ల చెప్తవు? ఎన్ని తాళాల మీద పరీక్ష చేసినవ్?"

"లెక్క వెట్టలే. మా నాయన చెప్పిండు."

"మీ నాయన చెప్పిండని నేను నమ్మాల్నా?"

"మీరు నమ్మకున్న తాళం నమ్ముతది సార్," అని ఆయన నాలుగు చెవులూ నా చేతిలో పెట్టేశాడు.

పాఠకులలో తాళం ఊడదీసి చూసిన దుస్సాహసులు ఎక్కువమంది ఉండరు గనక లోపల ఏముంటుందో చెప్పాలి. సన్నని ఇత్తడి రేకులు వరుసగా నిలబడి ఉంటాయి. సరైన చెవి దూరిస్తే అన్నీ తల వంచుతాయి, తాళం తిరుగుతుంది. తప్పు చెవి దూరిస్తే వాటిలో ఏదో ఒకటి తల పైకెత్తి అడ్డుపడుతుంది. అంతే విద్య. నేను డిక్కీ చెవిని చక్రవర్తిగా ఎంచుకున్నాను, అది అన్నింటిలోకీ కొత్తది, గట్టిది. మిగిలిన మూడు తాళాలలో ఆ చెవి దూర్చి, తల ఎత్తిన ప్రతి రేకు తలనూ ఆకురాయితో అరగదీశాను. వేసవి సెలవుల్లో మూడు రోజులు ఇదే పని. స్క్రూగేజీతో కొలతలు తీశాను. పట్టిక గీశాను. నాలుగు తాళాలలో చక్రవర్తి చెవిని పదేసిసార్లు తిప్పాను. నలభై ప్రయత్నాలు, నలభై విజయాలు. ఇంత శుభ్రమైన ఫలితం నా పట్టభద్ర పరీక్షలో కూడా రాలేదు.

ఇక్కడ శాస్త్రం చదివినవారెవరైనా ఒక ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న ఆ రోజు నన్ను ఎవరూ అడగలేదు. నేను కూడా నన్ను అడగలేదు.

మరునాడు ఆదివారం బంధువులను పిలిచి ప్రదర్శన ఇచ్చాను. వచ్చినవారిలో మా నాయన చెల్లెలు అనసూయత్త ముఖ్యురాలు. మా వీధి చివరే ఆమె ఇల్లు. బడి మెట్టు ఎక్కని మనిషి. నడుముకు ఎప్పుడూ ఒక వక్కలసంచి, ఆ సంచి తాడుకు ఆమె పాత సందుగపెట్టె తాళంచెవి వేలాడుతుండేవి. గంటకొక వక్క నోట్లో పడకపోతే అత్తకు ఊపిరాడదు. నేను నాలుగు తాళాలూ ఒకే చెవితో తెరిచి చూపి, చప్పట్లు అందుకుని, చేతులకంటిన జిడ్డు కడుక్కుని వచ్చేసరికి అత్త కారు చుట్టూ ఒక ప్రదక్షిణం ముగించి కొంగు సర్దుకుంటున్నది. భక్తి అనుకున్నాను.

"మంచిగనే ఉన్నది అల్లుడా," అన్నది. ఆ మాటలో ఇంకేదో ఉందని నాకు అప్పుడు తోచలేదు. తోచవలసినవి నాకు తోచవు. అది వేరే పరిశోధన.

వారం తిరగకుండానే కారులో ఒక కొత్త లక్షణం బయటపడింది. వైరా దారిలో గతుకుల మీద వెళుతుంటే ఇంజిన్ తాళంలో ఉన్న చెవి తనంతట తాను ఊడి నా పాదం మీద పడింది. కారు మాత్రం ఆగకుండా పోతూనే ఉంది. ఇంకొకడైతే భయపడేవాడు. నేను దానికి సౌకర్యమని పేరు పెట్టాను. ఇంజిన్ నడుస్తుండగానే చెవి లాగి జేబులో వేసుకోవచ్చు, దొంగలకు అవకాశమే లేదు. జిల్లాలో ఇటువంటి కారు మరొకటి లేదని కళాశాలలో చెప్పాను. అది మాత్రం నిజం.

"కళ్ళెం జేబుల పెట్టుకొని గుర్రం ఎక్కెటోన్ని నిన్నే చూసిన," అన్నది అత్త.

చెవి ఒక్కటే గనక గుత్తి కూడా అనవసరమని తీసి పారేశాను. ఒంటరి చెవి, చొక్కా జేబులో, చిల్లర నాణేల నడుమ గంటలా మోగుతూ ఉండేది. పాఠకులు దయచేసి ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవాలి.

ఆ వేసవిలోనే అత్త కొడుకు పెళ్ళి కుదిరింది. ఆడపిల్లవారిది భద్రాచలం దాటి పర్ణశాల దారిలో, అడవి అంచున ఉన్న ఒక ఊరు. ఎప్పుడో కోస్తానుంచి వచ్చి గోదావరి లంకల్లో పొగాకు పండించుకుంటున్న కుటుంబం. పెళ్ళికొడుకూ బంధువులూ ముందురోజే కిరాయి బస్సులో వెళ్ళారు. నా భార్య కూడా వారితోనే వెళ్ళింది. నా కారు మీద ఆమెకు తనవైన పరిశీలనలున్నాయి. పుస్తెమట్టెలు చేసే అవుసలాయన ఆలస్యం చేయడంతో అత్త ఒక్కతే ఆగిపోయింది. అవి తీసుకుని మర్నాడు తెల్లవారకముందే బయలుదేరి, పదకొండు దాటిన పన్నెండు నిమిషాలకు ముహూర్తం గనక ఆలోగా అత్తనూ పుస్తెలనూ చేర్చే బాధ్యత నాది. పుస్తెలు చేరకపోతే పెళ్ళి లేదు. ఇంతకంటే స్పష్టమైన బాధ్యత నాకు జీవితంలో ఎవరూ అప్పగించలేదు.

అత్త ఒక ఎర్ర గుడ్డసంచి తెచ్చి ఇచ్చింది. పైనుంచి తడిమి చూశాను, లోపల అవుసలాయన ఇచ్చిన చిన్న చెక్కపెట్టె తగిలింది. సంచిని డిక్కీలో పెట్టి, చక్రవర్తి చెవితో తాళం వేసి, "జిల్లాల ఇంతకన్న గట్టి తాళం లేదత్తా," అన్నాను. ఆ తాళం గురించి నేనన్న మాటల్లో నూటికి నూరుపాళ్ళూ నిజమని తేలినది ఇదొక్కటే.

కొత్తగూడెం దాటేవరకూ ఏ ఇబ్బందీ లేదు. సారపాక దాటి గోదావరి వంతెన మధ్యకు రాగానే అత్త కారు ఆపమన్నది. మా వైపు ఎవరూ గోదావరికి చిల్లర వేయకుండా వంతెన దాటరు. బస్సుల్లోనైతే అటు కిటికీవారు ఇటు కిటికీవారికి నాణేలు అందించి మరీ వేయిస్తారు. నేను కారు ఆపాను గాని ఇంజిన్ ఆపలేదు. బ్యాటరీ నీరసంగా ఉంది, ఆపితే తోయవలసి వస్తుంది. చెవి లాగి జేబులో వేసుకున్నాను. ఇద్దరం కమ్మీ దగ్గర నిలబడ్డాం. అత్త కొంగుముడి విప్పి, నాణేలు కళ్ళకద్దుకుని నీళ్ళలోకి విడిచి, నన్ను కూడా ఒకటి వేయమన్నది.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పూర్వం వేసేవి రాగి నాణేలని, రాగి నీటిలో క్రిములను చంపుతుందనే మాటకైనా ఎంతో కొంత ఆధారం ఉందేమో చూడవచ్చునని, ఇప్పటి పదిపైసలు అల్యూమినియమని, ఇంత నదిలో ఇంత లోహం వేస్తే దాని ప్రభావం ఎంత ఉంటుందో అంకెల్లో చెప్పాను. అత్త కొంగు నడుముకు బిగించుకుని ఓపికగా విన్నది.

"అయిందా?"

"ఇంకొక విషయం ఉన్నది..."

"గోదారమ్మ నిన్ను పరీక్ష రాయమన్లేదు అల్లుడా. పైస అడిగింది. పిలగాని పెండ్లి. ఎయ్యి."

"వేస్తే ఏమయితది?"

"ఏం గాదు. ఎయ్యకుంటె నా మనసుల ఉంటది."

ఇది న్యాయమైన మాట. పైగా నాలోని పరిశోధకుడు కూడా సమ్మతించాడు: వేస్తే ఏమీ జరగదని నిరూపించాలంటే వేసి చూడటమే మార్గం. జేబులో చేయి పెట్టి, దొరికినంత గుప్పిట పట్టి, అత్త చెప్పినట్టు కళ్ళు మూసుకుని విసిరాను.

కళ్ళు తెరిచేసరికి అల్యూమినియం నాణేలు గాలికి ఊగుతూ ఎండుటాకుల్లా దిగుతున్నాయి. వాటి నడుమనుంచి పసుపుపచ్చని వస్తువొకటి, ఏ గాలినీ లెక్కచేయకుండా, అప్పులవాడు ఇంటి గుమ్మం వైపు వచ్చినంత తిన్నగా నీటివైపు పోతున్నది. ఇత్తడి సాంద్రత అల్యూమినియానికి మూడు రెట్ల పైమాట. వస్తువు నీటిని తాకకముందే నాకు ఫలితం తెలిసిపోయింది.

పక్కకు చూశాను. అత్త కళ్ళు మూసుకుని దండం పెడుతున్నది. కనీసం నేను అలా అనుకున్నాను.

ఇప్పుడు నా స్థితిని ఒకసారి నిదానంగా గమనించండి. ఇంజిన్ నడుస్తున్నది, దాన్ని ఆపే చెవి గోదావరిలో ఉంది. పెట్రోలు అడుగంటింది, భద్రాచలంలో పోయించుకోవచ్చునని నేనే లెక్క కట్టాను. పెట్రోలు మూత తెరిచే చెవి గోదావరిలో ఉంది. పుస్తెలు డిక్కీలో ఉన్నాయి. డిక్కీ తెరిచే చెవి గోదావరిలో ఉంది. నాలుగు చెవులుండి ఒకటి పోతే మూడు తాళాలు మిగిలేవి. నాలుగింటినీ ఒక్కటి చేసి, ఆ ఒక్కదాన్నీ నా చేతులతో, శాస్త్రీయ దృక్పథంతో, నదిలో పారేశాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితితొట్టిలో పడిందంటారు. ఆ బల్లికి పట్టభద్రతా పత్రం కూడా ఉందని పెద్దలు చెప్పడం మరిచారు.

అత్తతో చెప్పేయవచ్చు. కానీ అంతసేపు ఉపన్యాసం ఇచ్చిన నోటితో ఏమని చెప్పను? కిక్కురుమనకుండా కారెక్కాను. ఇంజిన్ మాత్రం కిక్కురుమంటూనే ఉంది.

భద్రాచలం పెట్రోలు బంకులో పని చేసే నడివయసు మనిషి గొట్టం పట్టుకుని వచ్చి మూత చూశాడు.

"చాబీ ఇయ్యిండి సార్."

"ఇంట్ల మరిచొచ్చిన."

అతను కారు చప్పుడు విన్నాడు, నన్ను చూశాడు, నంబరు పలక చూశాడు. "చాబీ ఇంట్ల ఉంటె బండి ఎట్ల నడుస్తున్నది సార్?"

నా జీవితంలో నేనడగవలసిన ప్రశ్నను ఇంకొకరు అంత సూటిగా నన్ను అడగడం అదే మొదటిసారి. దీనికి నేనేదో సాంకేతికమైన జవాబు చెప్పబోతే, ముందు ఇంజిన్ ఆపమని, బంకులో అది నియమమని అన్నాడు. ఆపలేనని చెప్పక తప్పలేదు. ఇది దొంగబండి అన్న అనుమానం అతని ముఖంలో స్పష్టంగా ఏర్పడుతుండగా, ముందు సీటులో అత్తను చూసి కాస్త తగ్గాడు. దొంగలు మేనత్తలను వెంట తిప్పుకోరు.

అతను ఒక నిమిషం ఆలోచించి, తన లుంగీ మడతలోంచి సైకిల్ తాళంచెవి తీసి, కిటికీలోంచి చేయి దూర్చి ఇంజిన్ తాళంలో తిప్పాడు. ఇంజిన్ ఆగింది. అదే చెవితో పెట్రోలు మూత తిప్పాడు. మూత ఊడి వచ్చింది.

"ఇదొక తాళమా సార్," అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు. జాలిపడ్డాడు.

నేను వెంటనే పరిశోధనలో పడ్డాను. పిన్నీసుతో ప్రయత్నించాను, తలుపు తెరుచుకుంది. బంకులో టీ గ్లాసులో ఉన్న చెంచా కాడతో ప్రయత్నించాను. పెట్రోలు మూత తెరుచుకుంది. అప్పుడు గాని యాకూబ్ తండ్రి సిద్ధాంతం నాకు బోధపడలేదు. తల ఎత్తేవాళ్ళ తలలన్నీ తీసేసిన రాజ్యంలోకి ఎవరు నడిచి వచ్చినా అడ్డు చెప్పే నాథుడుండడు. నా చెవితో తెరుచుకుంటాయని నలభైసార్లు చూశాను గాని, నాది కాని చెవితో తెరుచుకోవని ఒక్కసారైనా చూడలేదు. మొదటి సంవత్సరం విద్యార్థి ఈ తప్పు చేస్తే ప్రయోగశాల బయట నిలబెట్టేవాణ్ణి.

కానీ అవమానంలోనూ ఆనందం కలిగింది. అన్నీ తెరుచుకుంటున్నాయి గనక డిక్కీ కూడా తెరుచుకుంటుంది, పుస్తెలు దక్కుతాయి. కారు వెనక్కు పరుగెత్తి పిన్నీసు, చెంచా, సైకిల్ చెవి వరుసగా తిప్పాను. డిక్కీ కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది: చక్రవర్తి చెవి డిక్కీదే. దాని రేకులను నేను ముట్టుకోలేదు. నేను బాగుచేసిన మూడు తాళాలూ చెంచాకు లొంగాయి. నేను చేయి పెట్టని తాళం ఒక్కటే తాళంగా మిగిలింది. చెరపకురా చెడేవు అన్న పెద్దలే, చెరపదలిస్తే అన్నీ చెరుపు, ఒక్కటి మిగల్చకు అని కూడా చెప్పి ఉండవలసింది.

"ఏంది అల్లుడా, జాగయితున్నది," అని అత్త కిటికీలోంచి పిలిచింది.

"టైర్ల గాలి చూస్తున్నత్తా."

"డిక్కీల గూడ గాలి కొట్టిపిస్తవా?"

బంకు మనిషి సైకిల్ చెవి వెనక్కు తీసుకున్నాడు గనక, అత్త నడుముకున్న సందుగ చెవి ఒకసారి ఇమ్మన్నాను. ఎందుకని అడగలేదు. అటు తిరిగి, సంచి మీద చేయి తీయకుండానే తాడునుంచి చెవి మాత్రం ఊడదీసి ఇచ్చింది. ఇద్దరు రిక్షావాళ్ళు తోస్తే, యాభై ఏళ్ళ నాటి సందుగ తాళంచెవితో నా కారు బయలుదేరింది.

ఆ తర్వాత అడవిదారి మొదలైంది. టేకుచెట్లు వెనక్కు పోతున్నాయి, గడియారం ముందుకు పోతున్నది. అత్త మాత్రం నడుము దగ్గర చేయి పెట్టుకుని నిశ్చింతగా కూర్చున్నది. ఖమ్మం నుంచి అక్కడి దాకా ఆమె ఒక్క వక్క కూడా నోట్లో వేసుకోలేదు. కళ్ళముందు అంత పెద్ద పరిశీలన ఉంటే, నమోదు చేసుకోవలసిన నేను మైలురాళ్ళు లెక్కపెడుతున్నాను.

పెళ్ళి ఇల్లు చేరేసరికి ముహూర్తానికి ఇరవై నిమిషాలుంది. సన్నాయి వాయిస్తున్నారు. అత్తను ఆడవాళ్ళు లోపలికి తీసుకువెళ్ళారు. పెళ్ళికూతురి మేనమామ సుబ్బారాయుడు గారు, ఆరడుగుల మనిషి, పొగాకు బేళ్ళు మోసిన చేతులు, ఎదురొచ్చి నమస్కరించి పుస్తెలు ఇప్పించమన్నారు.

"డిక్కీలో ఉన్నాయి," అన్నాను.

"తియ్యండి మరి."

"తియ్యడానికి చిన్న ఇబ్బంది ఉంది."

"ఏంటండీ ఆ ఇబ్బంది?"

"తాళంచెవి... అందుబాటులో లేదు."

"ఎక్కడుందండీ?"

భూగోళశాస్త్రం ప్రకారం సరైన జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. ఆయన మీసం సవరించుకుని, గునపం ఉందని, డిక్కీ పగలగొట్టేస్తామని, తర్వాత కొత్తది వేయించుకోవచ్చునని మర్యాదగా ప్రతిపాదించారు. నలుగురు మనుషులు గునపాలతో వచ్చారు కూడా. నేను ఒక్క ఐదు నిమిషాలు గడువు అడిగి, వెనుక సీటు ఊడబెరికాను. సీటు వెనుక ఇనపపట్టీల నడుమ మనిషి భుజం పట్టేంత సందు ఉంది. అందులో తల, ఒక చేయి దూర్చి, మిగిలిన నన్ను బయట వదిలేశాను.

కారులోంచి బయటకు వేలాడుతున్న నా కాళ్ళ చుట్టూ పెళ్ళివారంతా గుమిగూడారని తర్వాత తెలిసింది. లోపలికి మాత్రం మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మగపెళ్ళివారు ఉత్తచేతులతో వచ్చారట అని ఒకరు. పుస్తెలు దారిలో పోయాయట అని ఇంకొకరు. పెళ్ళికొడుకు గొంతు కూడా వినిపించింది, "బావా, దొరికినయా?" అని. ఆ గొంతులో ఏడుపు ఉంది. అప్పటిదాకా నాకు జరిగిందంతా నా పరువు సంగతి. ఆ గొంతు విన్నాక, పీటల మీద కూర్చోవలసిన పిల్లవాడు బాసికంతో నా కాళ్ళ దగ్గర నిలబడ్డాడని అర్థమై, సిగ్గుతో భుజం ఇంకాస్త లోపలికి తోశాను. చొక్కా చిరిగింది. మోచేతి చర్మం ఊడింది. స్టెప్నీ టైరు అవతల ఎర్ర సంచి వేళ్ళకు తగిలింది.

చెక్కపెట్టె చేత్తో ఎత్తి పట్టుకుని బయటకు వచ్చేసరికి ముహూర్తానికి నాలుగు నిమిషాలుంది. ముఖం నిండా గ్రీసు. ఆ క్షణంలో ఎవరో ఫోటో తీశారు. ఆ ఇంటి పెళ్ళి ఆల్బమ్‌లో మొదటి బొమ్మ ఇప్పటికీ అదే. పెట్టెను పురోహితుడి పళ్ళెంలో పెట్టాను. సుబ్బారాయుడు గారు గునపం దించి నా వీపు తట్టారు. పురోహితుడు మంత్రం చదువుతూ పెట్టె మూత తీశాడు. మంత్రం ఆగింది.

పెట్టెలో నాలుగు వక్కలు, ఒక లవంగం ఉన్నాయి.

నాకు కారణం వెంటనే తట్టింది: చెంచాతో తెరుచుకునే కారులో ఎవరు చేయిపెట్టారో ఏమో. డిక్కీ మాత్రం చెంచాకు లొంగలేదన్న సంగతి ఆ కంగారులో గుర్తు రాలేదు. ఇంటిలోపలినుంచి వస్తున్న అత్తకు ఎదురెళ్ళి, పందిట్లో అందరూ వింటుండగా చెప్పేశాను. తాళంచెవి గోదావరిలో పారేశానని, తాళాలు మూడు నేనే చెడగొట్టానని, పుస్తెలు ఎవరో కాజేశారని, తప్పంతా నాదేనని.

అత్త చివరిదాకా విన్నది. ఆ తర్వాత నడుముకున్న వక్కలసంచి విప్పి, అందులోంచి రెండు పుస్తెలూ జత మట్టెలూ తీసి పురోహితుడి పళ్ళెంలో పెట్టింది. పళ్ళెంలోని వక్కల్లో ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నది. పొద్దుటినుంచి అదే మొదటిది.

"బంగారం నడుముకు కట్టుకుంటె వక్కలు ఏడ వెట్టాలె? గా పెట్టెల వెట్టిన," అన్నది.

"డిక్కీల పెట్టిన గదా అత్తా నేను. గట్టి తాళమని చెప్తిని గదా."

"చెప్తివి. ఆదివారం నువ్వు చేతులు కడుక్కోబోతివి సూడు, అప్పుడే నా సందుగ చెవి వెట్టి సూసిన. నాలుగిట్ల మూడు తెరుసుకున్నయి. నాలుగోది గూడ ఏ దినమో తెరుసుకుంటదనుకున్న."

"మరి నాకు చెప్పొద్దా?"

"నువ్వు అడిగితివా? ఊరందరిని రుజువేంది, రుజువేంది అంటవు. నిన్నెవరన్న అడిగిండ్రా?"

"వంతెన మీద నేను పారేసింది..."

"పచ్చగ మెరిసింది. సూసిన. గోదారమ్మకు ఇచ్చినంక మళ్ళ మనది కాదు, దాని ముచ్చట ఎందుకు? నువ్వే చెప్తవేమో అని సూసిన. బంకుకాడ చెప్పలే. దారిల చెప్పలే. ఇప్పుడు చెప్పినవు. శానా నయం."

సన్నాయి ఎత్తుకుంది. అక్షింతలు పడ్డాయి. ముహూర్తం తప్పలేదు. బడి మెట్టు ఎక్కని మనిషి, నేను మూడు రోజులు స్క్రూగేజీతో చేయలేని పరీక్షను ఒక్క నిమిషంలో, ఒక సందుగ చెవితో, కొంగుచాటున చేసి ముగించింది. ఫలితం ప్రకటించకపోవడం ఒక్కటే తేడా. నేను మాత్రం ఫలితం ప్రకటించి ప్రయోగం మరిచాను.

ఖమ్మం తిరిగి వచ్చాక యాకూబ్ దగ్గరకు వెళ్ళి, నాలుగు తాళాలూ మార్చమని నిలబడ్డాను. ఆయన అరిగిన రేకులను అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. ఏమంటాడోనని తలవంచుకున్నాను.

"మంచిగ నున్నగ చేసిండ్రు సార్," అన్నాడు. "ఒక్కటే చాబీ చెయ్యాల్నా, నాలుగు చెయ్యాల్నా?"

నాలుగే అన్నాను. నాలుగింటినీ తాడుకు గుచ్చి నడుముకు కట్టుకున్నాను, అత్తలాగే.

కనుక పాఠకుల ఎదుట, పూర్తి స్పృహతో, కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆకురాయి పట్టను. ఇంజిన్ నడుస్తున్న కారు చెవిని జేబులో వేయను. గోదావరి దాటేటప్పుడు ఉపన్యాసం ఇవ్వను; పైస ముందే విడిగా తీసి, కళ్ళు తెరిచి వేస్తాను. ఏ మనిషినైనా రుజువు అడిగే ముందు నా మాటను ఒక సందుగ చెవితో తిప్పి చూసుకుంటాను. ఇదంతా గోదావరి సాక్షిగా చెబుతున్నాను. ఆమెనే సాక్షిగా ఎందుకు పెట్టుకున్నానంటే, రుజువు ఆమె దగ్గరే ఉంది.